బాచాన్ చెప్పిన ఇంటి పేరు

మా ఆయన నాయనమ్మను ఆ ఇంట్లో చిన్నా పెద్దా అందరూ బాచాన్, అంటే బామ్మ, అని పిలుస్తారు. 2016లో నేను కోడలిగా హోనొలూలూలోని ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి ఆవిడకు 89 ఏళ్లు. తెనాలి దగ్గరి పల్లెలో పుట్టి, చదువు కోసం అమెరికా వెళ్లి, ఉద్యోగం వెంట హవాయి చేరిన నాకు ఒకినావా అనే మాట అంతకుముందు పాఠ్యపుస్తకంలో యుద్ధం పేరుగా తప్ప తెలియదు. అది జపాన్‌కు దక్షిణాన తైవాన్ వైపు సాగిన దీవుల వరుస అనీ, 1879లో జపాన్ కలిపేసుకునేదాకా ర్యూక్యూ అనే వేరే రాజ్యమనీ, ఆ దీవులవాళ్లు తమను ఉచినాంచులని చెప్పుకొని మిగతా జపాన్ వాళ్లను నైచీలంటారనీ పెళ్లయ్యాకే తెలిసింది. అక్కడి నుంచి మొట్టమొదటగా 26 మంది కూలీలు 1900 జనవరి 8న హోనొలూలూ రేవులో దిగారు. బాచాన్ తండ్రి ఆ తర్వాత ఏడేళ్లకు, తన 19వ ఏట, చెరకు తోట పనికి వచ్చాడు.

ఆ ఇంటి కథలన్నిటికీ నాయకుడు ఆయనే. అందరూ ఆయనను పిల్లి తాత అనేవారు. ఒకినావా భాషలో పిల్లిని మాయా అంటారనీ, తోటి కూలీలు ఆయనను అలాగే పిలిచేవారనీ, చెరకు బండి మీది నుంచి పడి కూడా పిల్లిలా కాళ్ల మీద నిలబడ్డాడు గనుక ఆ పేరు వచ్చిందనీ ప్రతి ఏటా ఒబోన్ పండుగకు, అంటే పితృదేవతలు ఇంటికి వచ్చే రోజులకు, చెప్పుకునేవారు. బాచాన్ చెప్పినప్పుడు ఆయన పడింది బండి మీది నుంచి. మా మామగారు చెప్పినప్పుడు వంతెన మీది నుంచి. మా ఆయన చిన్నప్పుడు విన్న కథలో అయితే ఏకంగా మిల్లు కప్పు మీది నుంచి. తరానికి పది అడుగుల చొప్పున ఆయన ఎత్తు పెరుగుతూ వచ్చిందని నేనొకసారి అంటే మామగారు నవ్వారు గానీ, మా ఆయన నవ్వలేదు.

ఈ కథలను రికార్డు చేయాలన్న ఆలోచన నాకు 2018లో వచ్చింది. మా పల్నాడు వైపు బంధువుల ఇళ్లకు ఒకప్పుడు పిచ్చుకుంట్లవాళ్లు వచ్చి, గోత్రమూ ఇంటిపేరూ ఎత్తుకుని ఏడు తరాలు గడగడా చదివి వడ్లు తీసుకెళ్లేవారని మా అమ్మమ్మ చెప్పేది. ఇక్కడ అలా చదివేవారు లేరు, బాచాన్ ఒక్కతే ఉంది. నేను నలభై ప్రశ్నలు అచ్చు వేయించుకుని, ఫోను బల్ల మీద పెట్టి, మొదటి ఆదివారం ఆవిడ ఎదుట కూర్చున్నాను. మీ నాన్నగారు ఎలాంటి మనిషి అంటే, మంచివాడు అంది. తోటలో జీవితం ఎలా ఉండేది అంటే, కష్టంగా ఉండేది అంది. పందొమ్మిది నిమిషాల్లో నలభై ప్రశ్నలూ అయిపోయాయి. అందులో పనికొచ్చిన మాట ఒక్కటి లేదు.

రెండో ఆదివారం ఆవిడ అందాగీలు వేస్తుంటే నేను ఊరికే పక్కన నిలబడ్డాను. అందాగీ అంటే పిండి, గుడ్లు, చక్కెర కలిపి నూనెలో వేయించే ఉండ. పిండిని గుప్పిట్లోకి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పైకి నొక్కి, ఉండ బయటికి రాగానే నూనెలోకి జారవిడుస్తారు. అది అచ్చంగా మనం పునుగులు వేసే పద్ధతే. నేను చేతులు కడుక్కుని రెండు వాయిలు వేస్తే బాచాన్ నా చేతిని పట్టుకుని తిప్పి చూసి, ఎవరు నేర్పారని అడిగింది. మా అమ్మమ్మ అన్నాను. అంతే, ఆ రోజు గంటన్నర మాట్లాడింది. ఉండలు వేగి, పగిలి, ఒకవైపు నోరు తెరుచుకున్నట్టు విచ్చుకుంటుంటే, ఒక్కో ఉండకూ ఒక్కో మనిషి బయటికి వచ్చాడు. అప్పటి నుంచి నేను ప్రశ్నల కాగితం మళ్లీ తీయలేదు. గోయా కాకరకాయలు తరుగుతూ, చిక్కుళ్లు వలుస్తూ, ఇరవై మూడు ఆదివారాలు రికార్డు చేశాను. చేతికి పని ఉన్నంతసేపే ఆవిడ నోటికి కథ ఉంటుందని అర్థమవడానికి నాకు రెండు వారాలు పట్టింది. చేయబోయేవాళ్లకు నేనిచ్చే సలహా ఇదొక్కటే.

ఆవిడ చెప్పినవాటిలో కొన్ని హవాయి ఒకినావా కుటుంబాలన్నిటిలోనూ వినిపించేవే. కూలీలను పేరుతో కాక, మెడలో వేలాడదీసిన లోహపు బిళ్ల మీది అంకెతో పిలిచేవారు. ఆ అంకెను బాంగో అనేవారు. నలుగురూ డబ్బు వేసుకుని వంతుల వారీగా ఎత్తుకునే తనోమోషి, అంటే మన చీటీపాట, వల్లనే ఆవిడ తండ్రి తోట వదిలి నాలుగు పందులు కొనగలిగాడు. ఆ తర్వాత హోటళ్ల వెంట తిరిగి ఎంగిలి అన్నం పోగుచేసి పందులకు వేసేవారు. బడిలో నైచీ పిల్లలు "ఒకినావా కెన్ కెన్, బుతా కౌకౌ" అని వెంటబడేవారు. ఒకినావా జిల్లావాళ్లు పంది కుడితి అని దాని భావం. ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఆ మాట అంటున్నప్పుడు బాచాన్ గొంతు ఆ పిల్లల గొంతులాగే సాగదీసింది.

ఒక ఫోటో ఉంది. బాచాన్ తల్లి ఒళ్లో పసిపిల్లగా బాచాన్, పక్కన కుర్చీ పట్టుకుని తెల్ల గౌను వేసుకున్న నాలుగైదేళ్ల పిల్ల. తల్లి రెండు చేతులూ పసిపిల్ల గౌను కింద దాచుకుని ఉన్నాయి. చలి దేశం కాదు కదా, ఎందుకలా అని అడిగాను. ఆవిడ చేతుల వెనక హాజిచి ఉండేదట. ఒకినావా ఆడవాళ్లు వేళ్ల మీదా మణికట్ల మీదా పొడిపించుకునే నీలి పచ్చబొట్టు అది. జపాన్ ప్రభుత్వం 1899లో దాన్ని నిషేధించినా పల్లెల్లో చాటుమాటుగా సాగింది. పుట్టింట్లో అది లేని పిల్లకు గౌరవం లేదు. 1918లో ఫోటో చూసి పెళ్లి కుదిరి ఓడ దిగాక, ఇక్కడ అది ఉన్న మనిషికి గౌరవం లేదు. ఆవిడ బతికినంతకాలం అంగడికి వెళ్తే చేతులు సంచి కింద పెట్టుకునేదట.

ఇక ఆ గౌను పిల్ల ఎవరని నేను రెండుసార్లు అడిగితే బాచాన్ రెండుసార్లూ మాట మార్చింది. పద్నాలుగో ఆదివారం, నేను అడగనే లేదు, చిక్కుడుకాయ ఈనె లాగుతూ తనే అంది: "అది మా అక్క. నాకు ఊహ తెలియకముందే పంపించేశారు." తల్లిదండ్రులిద్దరూ పొలంలో ఉంటే పిల్లలను ఒకినావాలోని తాతా నాయనమ్మల దగ్గర పెంచడం ఆ రోజుల్లో మామూలే. 1929లో అయిదేళ్ల అక్కను ఊరికి తిరిగి వెళ్తున్న ఒక మనిషి వెంట ఓడ ఎక్కించారు. మళ్లీ తెచ్చుకుందామనుకున్నారు, యుద్ధం వచ్చింది. యుద్ధం అయ్యాక వచ్చిన ఒక్క ఉత్తరంలో అక్క లేదని రాసి ఉంది. ఎలా పోయిందో, ఎక్కడ పోయిందో లేదు. ఆ రోజు నుంచి తల్లి పూజ దగ్గర ఒక నల్లని పలక ధూపం ఎక్కువ వెలిగించేది. ఒకినావా అగరొత్తులు విడివిడి పుల్లలుగా ఉండవు. ఆరు పుల్లలు అంటుకుని ఒక పలకగా ఉంటాయి. ఆ పలక ఎవరికని తండ్రి అడగలేదు, తల్లి చెప్పలేదు. తల్లి పోయాక బాచాన్ దాన్ని కొనసాగించింది. ఇదంతా మా మామగారికి తెలియదు. అరవై ఏళ్లు దాటిన ఆ మనిషి తనకో పెద్దమ్మ ఉందన్న సంగతి నా ఫోను రికార్డింగులో విని, లేచి బయటికి వెళ్లి, కారు కడిగి వచ్చారు.

ఆ అక్క ఏమైందో తెలుసుకోవాలని ఇంట్లో అందరూ అనుకున్నది అప్పుడే. నిజం చెప్పాలంటే అప్పటిదాకా నా పనిని వాళ్లు కోడలి ముచ్చటగానే చూశారు.

వెతుకులాట అనుకున్నంత సులువుగా లేదు. జపాన్‌లో ప్రతి కుటుంబానికీ కోసెకి అనే కుటుంబ రిజిస్టరు ఉంటుంది. పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు అన్నీ దాంట్లో చేరతాయి. కానీ ఒకినావా ప్రధాన దీవిలోని రిజిస్టర్లు 1945 యుద్ధంలో దాదాపుగా కాలిపోయాయి. ఇప్పుడున్నవి యుద్ధం తర్వాత బతికి బయటపడినవాళ్లు చెప్పినదాన్ని బట్టి తిరిగి రాసినవి. అంటే ఆ ప్రభుత్వ పత్రం కూడా ఒక విధంగా జ్ఞాపకమే, మీద ముద్ర ఉన్న జ్ఞాపకం. దాని నకలు కోసం బాచాన్ సంతకంతో దరఖాస్తు పంపితే, ఆవిడ జనన ధ్రువపత్రంలో తల్లి పేరు ఒక రకంగా, పెళ్లి పత్రంలో మరో రకంగా ఉందని వెనక్కి వచ్చింది. తోట గుమాస్తా ఎవరో తన చెవికి వినిపించినట్టు రాసుకున్న పేరు అది. వందేళ్ల కిందటి ఆ చెవికి మేము నాలుగు నెలలు, రెండు ప్రమాణపత్రాలు కట్టాల్సి వచ్చింది.

ఈలోగా వైపియోలోని హవాయి ఒకినావా కేంద్రానికి వెళ్లి, అక్కడ కూర్చునే వంశవృక్ష సంఘం పెద్దలను కలిశాను. వాళ్లు మొదట చెప్పింది, మా దగ్గరున్న ఇంటిపేరు సరైన ఉచ్చారణ కాదని. హవాయిలో కనెషిరో అని పలికే రెండు అక్షరాలనే ఇప్పుడు ఒకినావాలో కింజో అంటారు, పాతకాలపు వాళ్లు కనగుసుకు అనేవారు. రాత ఒకటే, పలుకులు మూడు. రెండో సంగతి, నహాలోని ఒకినావా జిల్లా గ్రంథాలయం విదేశాల్లోని ఉచినాంచు కుటుంబాల కోసం పూర్వీకుల వివరాలు వెతికిపెడుతుందని. వలస వెళ్లిన మనిషి పేరు, వయసు, బయలుదేరిన ఏడు, ఊరు రాసి పంపితే, పాత పాస్‌పోర్టు జాబితాలు తిరగేసి జవాబు ఇస్తారు. ఆ జాబితాల్లో మనిషి ఇంటి పెద్దా, రెండో కొడుకా అన్నదీ, స్వగ్రామపు ఇంటి నంబరూ ఉంటాయి.

జవాబు రావడమైతే వచ్చింది. ఆ ఇంటిపేరుతో, ఆ పేరుతోనే, ఒకినావా ప్రధాన దీవిలోని అప్పటి చతాన్ పరిధి నుంచి ఆ రెండు మూడేళ్లలో హవాయికి వెళ్లినవాళ్లు ముగ్గురు ఉన్నారట. అలాంటి పేర్లు మా ఊళ్లో వెంకటేశ్వర్లు ఎంతమందో అక్కడ అంతమందికి ఉంటాయి. ఆ ఉత్తరం చివర ఒక ప్రశ్న ఉంది: "మీ కుటుంబపు యాగో ఏమిటో తెలుసా?"

యాగో అంటే ఇంటి పేరు. మనం ఇంటిపేరు అనే వంశనామం వేరు, ఇది నిజంగా ఇంటికి పెట్టిన పేరు. ఊళ్లో సగం మందికి ఒకే వంశనామం ఉంటే మనుషులను ఎలా గుర్తుపడతారు? తూర్పింటివాళ్లు, ముందింటివాళ్లు, మూడోవాడి ఇంటివాళ్లు అని. మా ఊళ్లోనూ ఒకే ఇంటిపేరున్న నాలుగు లోగిళ్లను బావి కాడోళ్లు, మేడోళ్లు అనే విడదీసేవారు గనుక ఆ మాట నా బుర్రకు వెంటనే ఎక్కింది. మా ఆయనకు ఎక్కలేదు. నేను ఆ రాత్రి పాత రికార్డింగులన్నీ తీసి, బాచాన్ తండ్రి గురించి చెప్పిన ప్రతిచోటా మళ్లీ విన్నాను. ఆరో ఆదివారం రికార్డింగులో ఒక మాట ఉంది. ఊరివాళ్లెవరైనా తోటకు కొత్తగా వస్తే ఎవరింటివాడివని అడిగేవారట, ఆయన తన పేరు కూడా చెప్పకుండా "మీయా" అనేవాడట. ఇంట్లో అందరూ దాన్ని మాయా, పిల్లి, అని విన్నారు. బాచాన్ మాత్రం తన గొంతుతో మీయా అనే అంటోంది. మీ అంటే కొత్త, యా అంటే ఇల్లు. కొత్తింటివాడు.

పిల్లి తాత బండి మీది నుంచి ఎన్నడూ పడలేదు. భాష మరిచిపోయిన పిల్లలకు అర్థం కాని ఒక మాట మిగిలింది, ఆ మాటకు అర్థం కావాలి గనుక కథ పుట్టింది. మా మామగారు ఈ సంగతి విని కొంచెం చిన్నబుచ్చుకున్నారు. కథ పోతే పోయింది గానీ, ఆ తప్పు కథే కదా వందేళ్లపాటు ఆ మాటను చెడిపోకుండా మోసుకొచ్చింది అని నేనన్నాను. నేను ఇప్పటికీ ఆ కథను మా అమ్మాయికి చెబుతాను.

గ్రంథాలయానికి మీయా అని రాసి పంపాక ముగ్గురిలో ఒకడు తేలాడు. ఊరు నొగుని. 1605లో చైనా నుంచి చిలగడదుంపను తెచ్చి ఒకినావాను కరువుల నుంచి కాపాడిన నొగుని సోకాన్ ఊరు అదే. ఒకప్పుడు చతాన్‌లో ఉండేది. కదేనా విమాన స్థావరం మధ్యకు వచ్చి ఊళ్లను రెండుగా చీల్చడంతో 1948లో కదేనా వేరుపడింది, ఆ కాగితాల లెక్కలో నొగుని అటువైపు పోయింది. అసలు ఊరు మాత్రం అమెరికా సైనికుల కంచె లోపల ఉంది. ఇళ్లు లేవు, వీధులు లేవు. అయినా ఆ ఊరివాళ్ల సంఘం ఉంది. శ్రీశైలం ముంపులో ఊళ్లు పోయినవాళ్లు ఎక్కడెక్కడో స్థిరపడి కూడా ఫలానా ఊరివాళ్లమని చెప్పుకున్నట్టే వాళ్లూ చెప్పుకుంటారు. ఆ సంఘం ద్వారా కొత్తింటి వంశంలో ఇప్పుడు మిగిలిన పెద్దాయన దొరికాడు. బాచాన్‌కు పెదనాన్న మనవడు.

2022 అక్టోబరు చివర ప్రపంచ ఉచినాంచు మహోత్సవానికి వెళ్లాం. 1990లో మొదలై సుమారుగా అయిదేళ్లకొకసారి జరిగే ఈ పండుగ, కరోనా వల్ల ఏడాది వాయిదా పడింది. నహా వీధిలో బ్రెజిల్, పెరూ, అర్జెంటీనాల నుంచి వచ్చిన ఒకే రకం ముఖాలు పోర్చుగీసూ స్పానిషూ మాట్లాడుకుంటూ ఊరేగుతుంటే చూడటానికి బాగుంది, కానీ మా మనసంతా మర్నాటి మీదే ఉంది. బాచాన్ రాలేదు. 95 ఏళ్ల మనిషిని విమానం ఎక్కించలేకపోయాం.

పెద్దాయన మమ్మల్ని మొదట కదేనా రహదారి పక్కనున్న విశ్రాంతి భవనం పైకి తీసుకెళ్లాడు. పైనుంచి రన్‌వే అంతా కనిపిస్తుంది. చెయ్యి చాచి, అదిగో ఆ చెట్ల గుంపుకు ఇవతల మీయా అన్నాడు. ఒక విమానం లేచి, ఆయన తర్వాత చెప్పిన మాటలేవీ వినపడలేదు. వినపడకపోయినా ఆయన ఆపలేదు, అలవాటు కాబోలు.

సమాధిని స్థావరం లోపలి నుంచి ఎప్పుడో బయటికి మార్చారు. తెరిచే రోజు కాదు గనుక, మార్చినప్పుడు తీసిన ఫోటోలు చూపించాడు. ఒకినావాలో ఎముకలను కడిగి మట్టి పాత్రల్లో పెట్టి, మూత లోపల సిరాతో పేరూ తేదీ రాసేవారు. ఒక మూత మీద, వంకరగా, మీయా అని ఉంది. మామగారు ఆ ఫోటోను ఫోనులో పెద్దది చేసి చూసి, నాకు అందించి, మళ్లీ తీసుకుని చూశారు. వరుసలో చివరి పాత్ర చిన్నది. దాంట్లో ఎముకలు లేవు, ఒక రాయి ఉంది. 1945 ఏప్రిల్ 1న అమెరికా సేనలు ఈ తీరంలోనే దిగాయి. ఊరివాళ్లలో కొందరు ఉత్తరానికి, కొందరు దక్షిణానికి పారిపోయారు. బాచాన్ అక్క భర్తను అప్పటికే సైన్యపు పనికి తీసుకుపోయారు. ఆమె చంటిబిడ్డను వీపున కట్టుకుని దక్షిణానికి వెళ్లడం చూసినవాళ్లున్నారు, ఆ తర్వాత చూసినవాళ్లు లేరు. శరీరం దొరకని మనిషి కోసం ఆ దిక్కున ఒక రాయి ఏరి తెచ్చి సమాధిలో పెట్టడం అక్కడ చాలా కుటుంబాలు చేసిన పని.

అదే దక్షిణాన మబునిలో 1995లో నెలకొల్పిన నల్లరాతి గోడలున్నాయి. ఒకినావా యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు, సైనికులవీ పౌరులవీ, జపాన్ వాళ్లవీ అమెరికన్లవీ, రెండు లక్షల నలభై వేలకు పైగా, ఊళ్ల వారీగా చెక్కి ఉంటాయి. పెద్దాయన చూపుడువేలు వరుస మీద నడుచుకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది. అక్క పేరు ఉంది. దాని పక్కన, పేరు లేకుండా, తండ్రి పేరు రాసి "పెద్ద కూతురు" అని మాత్రం ఉంది. పేరు చెప్పగలిగినవాళ్లెవరూ మిగలని పిల్లలను అలా చెక్కారు. ఆ గోడ మీద అలాంటివి ఇంకా కనిపించాయి.

అక్కడ పొద్దున్న పది గంటలైతే హోనొలూలూలో అంతకుముందు రోజు మధ్యాహ్నం మూడు. వీడియో కాల్ చేసి, ఫోను గోడకు దగ్గరగా పట్టుకున్నాం. బాచాన్ చాలాసేపు చూసింది. అక్క గురించి ఏమీ అనలేదు. పక్కన ఉన్నది ఏమిటని అడిగింది, మామగారు చదివి చెప్పారు. "పాపకు పేరు పెట్టలేదా?" అంది. పెట్టే ఉంటారు, చెప్పడానికి ఎవరూ లేరు అన్నారు ఆయన. అప్పుడు పెద్దాయన ముందుకు వంగి, ఫోనులోకి, ఉచినా భాషలో ఏదో గట్టిగా అడిగాడు. ఆవిడ కొంచెం ఆలోచించి, 95 ఏళ్ల గొంతుతో, "మీయా" అని జవాబిచ్చింది. ఎవరింటిదానివని అడిగాడట.

మరుసటి ఏడు ఒబోన్‌కు పూజ గదిలో ధూపం పెట్టడానికి నేను సాయం చేశాను. ఎప్పటిలాగే అందరివీ అయ్యాక, బాచాన్ అక్క కోసం ఒక పలక విడిగా పెట్టింది. తర్వాత ఇంకో పలక తీసుకుని, వణికే వేళ్లతో మధ్యకు విరిచి, మూడు పుల్లల సగం ముక్కను దాని పక్కన నిలబెట్టి, మిగిలిన సగాన్ని మళ్లీ డబ్బాలో పెట్టేయమని నాకు ఇచ్చింది.